సీసాలో పైతేట

నూనె మచ్చు చూపించాలంటే మడ్డి దిగాక పైన తేరిన పైతేటే చూపించాలి. సుందరరాజన్ ఇంట్లో తాత గానుగ ఆడించిన నాటినుంచి అదే ఆనవాయితీ. ఇప్పుడు సుందరరాజన్ నూనె మానేసి వేరుసెనగ చెక్కలోంచి తీసిన ప్రోటీన్ పొడి అమ్ముతున్నాడు. అయినా చేతి అలవాటు పోలేదు. పొడిని నీళ్లలో కలిపి, తేరనిచ్చి, పైనీళ్లు సీసాలో పోసుకుని కోయంబత్తూరులో మేనకోడలు అమరావతి పనిచేసే ల్యాబుకు వచ్చాడు.

మదురైలో రోగులకు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం తయారుచేసే సంస్థ ఒకటి ఆ పొడి గొట్టాల్లో అడ్డుపడుతోందని కబురు పెట్టింది. బేరం తగ్గించడానికి ఆడే నాటకమని ఆయన లెక్క. నలభై మూటల సరుకు సాయంత్రం లారీలో వెళ్లాలి.

అమరావతి సీసాలోంచి చుక్కంత తీసి యంత్రంలోకి ఎక్కించింది. రెండు పలకల మధ్య కాగితమంత సందు. అందులో నీరు ముందుకు పారుతుంది, మరో ధార పైనుంచి కిందికి అదుముతుంది. అడుగున ఉన్న పొర నీటిని వదులుతుంది, ప్రోటీన్‌ను వదలదు. ప్రోటీన్‌లో చిన్నవి పైకి తేలి, నడిమి వేగంలో పడి ముందుగా బయటికొస్తాయి. పెద్దవి అడుగునే, నీరు మెల్లగా నడిచే చోట, వెనకబడతాయి.

తెరమీద గీత ఒకే ఒక్క గుట్టగా లేచింది, అన్నీ చిన్నవే.

"చూస్తివా అమ్మణ్ణీ, ఎంత శుద్ధంగా ఉండాదో."

"సీసా అడుగున మడ్డి లేదే మామా. ఏం చేసినారు దాన్ని?"

"పారబోసినాను. మడ్డి ఎవురైనా మచ్చుకు తెస్తారా?"

"చెల్లెల్ని చూపించి అక్కను కట్టబెట్టే రకం మీరు. సంచిలో పొడి ఉంటే ఇయ్యండి."

ఈసారి ఆమె పొడిని కలిపి, బాగా కుదిపి, మడ్డితో సహా ఎక్కించింది. మొదటి గుట్ట వచ్చింది. చాలాసేపటికి, ఆయన లేవబోతుండగా, రెండోది వెడల్పుగా లేచింది.

"నూటికి పద్దెనిమిది పాళ్లు గడ్డలు. వేడికి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రేణువులు దట్టించిన గొట్టంతో పనిచేసే వేరే యంత్రంలో అయితే ఇవి దారిలోనే ఇరుక్కుని కనబడకుండా పోయేవి. దీంట్లో అడ్డమేమీ లేదు. ఆరబెట్టేటప్పుడు వేడి ఎంత పెట్టినారు?"

వానలకు పొడి ఆరడం లేదని వేడి పెంచింది సుందరరాజనే. నలభై ఏళ్లుగా చేత్తో నలిపి, నాలుకమీద వేసుకుని సరుకు తేల్చిన మనిషి. ఆయన కంటికి అందనిది ఈ సన్నని సందు ఎవరినీ తోసెయ్యకుండా, ఎంతవాళ్లను అంతగా వరుసపెట్టి, పాళ్లు కట్టి చూపించింది. ఇంత నిజాయితీగా తూచే త్రాసు ఆయన ఏ బజారులోనూ చూడలేదు.

గోదాము చూసుకునే ముత్తుసామికి ఫోను చేశాడు.

"మూటలు దించు."

"తాడు గూడా కట్టేస్తిమి అన్నా."

"విప్పు. తప్పు మదురైవాళ్లది కాదు, నాది."

ఫోను జేబులో వేసుకుని మళ్లీ తెరవైపు చూశాడు.

"ఆ రెండో గుట్టది కాగితం మీద అచ్చు తియ్యి అమ్మణ్ణీ. మదురైకి నేనే తీసుకుపోతాను."