అందరికీ ఒకే తూకం

నేను ఒక కాటాను. అరచేతిలో ఇమిడిపోతాను, మూత తీస్తే అంకెలు వెలుగుతాయి. నాకు కోపంగా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నా గొంతు పెరిగినప్పుడు మీరు ఉలిక్కిపడరు.

నన్ను బిగించిన ఫ్యాక్టరీ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా మొదటి యజమాని అనకాపల్లిలో బంగారప్పని చేసే భద్రాచారి. ముక్కుపుడకలూ తెగిన గొలుసు ముక్కలూ నా మీద పెట్టి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి అంకె చూసేవాడు. వచ్చినవాళ్లు నన్ను అనుమానంగా చూసేవారు, ఆయన్ని ఇంకా అనుమానంగా చూసేవారు. అయినా అక్కడ నాకు గౌరవం ఉండేది. బరువు తప్ప నన్ను ఇంకేమీ అడగలేదు. చూపు మందగించి ఆయన కొట్టు మూసేశాక విశాఖపట్నంలో ఒక పాతసామాన్ల అంగడికి చేరాను. తేజోవర్ధన్ నన్ను అక్కడే కొన్నాడు.

తేజోవర్ధన్ భీమిలి రోడ్డులో మేడ ఒకటి అద్దెకు తీసుకుని ‘మనోవికాస బృందం’ నడిపేవాడు. తెల్లటి లాల్చీ, మెత్తటి గొంతు. ఎక్కడినుంచో తెప్పించిన మత్తు పుట్టగొడుగుల పొడిని నా మీద తూచేవాడు. చాలా కొద్దిగా తీసుకుంటే మత్తెక్కదట, మనసు మాత్రం విచ్చుకుంటుందట. “మీ శరీరం చెప్పేది వినండి. ఎవరి దారి వారిదే” అని రోజూ చెప్పేవాడు. చెబుతూనే అందరికీ ఒకే అంకె తూచేవాడు. బక్కపలచని మనిషికీ అదే, భారీ మనిషికీ అదే. గుండెజబ్బు ఉందా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని ఒక్కరినీ అడగలేదు. ఎవరి దారి వారిదే అయితే, అందరినీ నా మీదుగా ఎందుకు నడిపించాడు?

సుదేష్ణ అక్కడికే వచ్చింది. బధిరుల బడిలో టీచరు. ఆమె అక్క మేనకకు పుట్టుకతోనే వినబడదు, అందుకే సుదేష్ణకు మాటలకన్నా ముందు సైగలు వచ్చాయి. తల్లి పోయాక ఆమెలో ఏదో కుంగిపోయింది. డాక్టరు ఇచ్చిన మాత్రలతో నిలదొక్కుకుంది గానీ, లోపల అంతా దూది కుక్కినట్టు ఉందనేది. ఆ దూది తీసేస్తానన్నాడు తేజోవర్ధన్.

అబద్ధం చెప్పను. మొదట్లో ఆమె బాగానే ఉంది. ఒకరోజు వస్తూనే, “దారిలో సముద్రం చూశానండీ. ఎన్నాళ్లయిందో అలా చూసి!” అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ సంతోషమేసింది. అదే రోజు తేజోవర్ధన్ ఆమెతో అన్నాడు: “ఇంకా ఆ మాత్రలెందుకు? అవి నిన్ను కట్టేస్తున్నాయి. మానెయ్.”

ఆమె మానేసింది. నిద్ర కరువైంది. తల నిండా ఆలోచనలు తోసుకుంటూ పరిగెత్తేవి. 

“ఇది నాకు పడట్లేదండీ” అంది ఆమె.

“పడట్లేదంటోంది నీ భయం. భయమే నీ రోగం, సుదేష్ణా” అన్నాడు, చిరునవ్వు చెక్కుచెదరకుండా.

నాకు నోరుంటే ఆ మేడ అదిరిపోయేది.

“పోనీ, నాకెంత సరిపడుతుందో నేనే చూసుకుంటాను” అందామె. చిన్నపిల్లల ముచ్చట తీర్చినట్టు కొంత పొడీ, నన్నూ ఆమె చేతిలో పెట్టాడు. ఇంట్లో భోజనాల బల్ల మీద ఆమె వెతుకులాట మొదలైంది. తగ్గించింది. పెంచింది. ఒకరోజు మాని, మర్నాడు మళ్లీ తీసుకుంది. ప్రతిసారీ నా అంకెవైపు ఆశగా చూసేది, అందులో తన గురించి ఏదో రాసి ఉన్నట్టు. పొడి బరువు తప్ప నాకేం తెలుసు తల్లీ! నీలో ఏం జరుగుతోందో నేనెలా తూచను?

ఒక ఉదయం మేనక కాఫీ తెచ్చింది. సుదేష్ణ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చేతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, సైగ పూర్తికాకముందే ఇంకో సైగ. మేనక కప్పు పక్కన పెట్టి చెల్లెలి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలి, నెమ్మదిగా సైగ చేసింది:

“నీ చేతులు అరుస్తున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. అమ్మ లేదు. నువ్వు కూడా వినబడకపోతే నేనెవరితో మాట్లాడను?”

సుదేష్ణ బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పూటే అక్కాచెల్లెళ్లిద్దరూ డాక్టరు దగ్గరకు వెళ్లారు. నన్నూ ఆ పొడినీ సంచిలో వేసుకెళ్లారు. డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నారు. ఆవిడ నన్ను పక్కకు నెట్టి, “ఎంత తీసుకున్నావన్నది తర్వాత. మాత్రలు మానెయ్యమని చెప్పిన ఆ మహానుభావుడెవరమ్మా?” అంది. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. పొడి ఆవిడ దగ్గరే ఆగిపోయింది.

చేతులు నిలకడ పడ్డాక, ఒక ఆదివారం సుదేష్ణ ఆ మేడకు వెళ్లింది. పక్కన మేనక. బృందమంతా చాపల మీద కూర్చుని ఉంది. సుదేష్ణ నన్ను తేజోవర్ధన్ ముందు పెట్టింది. నోటితో చెబుతూ, అక్క కోసం చేతులతో కూడా చెప్పింది.

“నా పద్ధతి నాకు దొరికిందండీ. నాకు ఇది వద్దు.”

“మంచిది. నీ అనుభవం నీది. మిగతావాళ్లని కలవరపెట్టకు.”

“నా అనుభవం నాదైతే, కొలత మీదెందుకైంది?”

 పోర్టులో పనిచేసి రిటైరైన పైడిరాజు గారు మోకాళ్లు పట్టుకుంటూ లేచారు. “ఏటి తేజా, బీపీకి మాత్రలేసుకుంటాను నేను. ఒక్కనాడైనా అడిగావేటి నన్ను?” అన్నారు. చెప్పుల కోసం వెతుక్కుంటూ అక్కాచెల్లెళ్ల వెనకే మెట్లు దిగిపోయారు. ఆయన వెనక ఇంకొకావిడ. మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చడం కొనసాగించారు.

వాళ్లు వెళ్లాక తేజోవర్ధన్ గొంతులో మెత్తదనం వినబడలేదు. నన్ను కిటికీలోంచి పెరట్లోకి విసిరేశాడు. మూత ఊడింది. వానలో తడిశాను. అంకెలు ఆరిపోయాయి. ఇప్పుడు చీమలు నా మీద నడుస్తుంటాయి, వాటి బరువు ఎవరికీ అక్కర్లేదు.

పైనుంచి ఆ మెత్తటి గొంతు మళ్లీ వినిపిస్తోంది. కొత్తవాళ్లు వచ్చారు, కొత్త కాటా కూడా వచ్చింది. అదీ నాలాగే నిజమే చెబుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం, ఇప్పటికీ, ఎవరూ ఏమీ అడగడం లేదు.