నోట్ల తంగేడు

బహ్రెయిన్‌లో బంతిపూలకు కరువు లేదు. బుదైయా తోటల్లో అడిగితే సంచినిండా కోసిస్తారు. లేనిదల్లా తంగేడు. తంగేడు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ అని గౌరవ్వ మొండికేసింది. అక్క సంగతి తెలిసినవాడు కనుక కిషన్ నోరెత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

గౌరవ్వ బుదైయాలో ఒక విల్లాలో వంట చేస్తుంది. కిషన్ మీనా సల్మాన్ రేవులో వడ్రంగి. ఒక శుక్రవారం తనను చూడవచ్చిన తమ్ముడి పర్సులోంచి రెండు వందల రూపాయల నోటు లాగి, వెలుతురుకు పట్టి, "అచ్చం తంగేడు రంగే గదరా!" అంది.

అలాంటి నోటో, వందనోటో కిషన్ ఉండే కార్మికుల క్యాంపులో ప్రతివాడి దగ్గరా ఉంటుంది. ఇంటికి పోయేనాడు శంషాబాదులో దిగాక చాయ్‌కీ బస్సుకీ రూపాయలు కావాలి కదా! వాటన్నింటినీ అడిగి తెచ్చే పని కిషన్ నెత్తిన పడింది. "చినగదు, పోదు. పండుగ కాంగనే వాపస్ ఇస్త. పూచి నాది," అని అందరికీ మాటిచ్చాడు. పక్క గది గంగాప్రసాద్‌కైతే రెండుసార్లు ఇచ్చాడు. అతను పండుగ మర్నాడే ఊరికి పోతున్నాడు మరి.

పూచీపడ్డవాడికి స్థిమితం ఎక్కడిది? విల్లా వెనక వంటగదిలో గౌరవ్వ పని మొదలుపెడితే పక్కనే కాపలా కూర్చున్నాడు. కత్తెర లేదు, జిగురు లేదు, గుండుసూది లేదు. చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు నోటును సన్నగా మడిచి, నడుమ దారం కట్టి, రెండు కొసలూ వేళ్ళతో విప్పింది. పువ్వు! కిషన్ తన భయం మరిచిపోయాడు. తలుపుల మీద ఎన్నో పువ్వులు చెక్కిన చెయ్యి అతనిది. ఇంత తేలిగ్గా పువ్వు పుట్టడం మాత్రం ఎన్నడూ చూడలేదు. అక్కంటే ఎప్పుడూ ప్రేమే. ఆ రోజు గౌరవం కలిగింది.

అడుగున బంతి, దాని మీద ఒకే దారానికి కట్టిన నోట్ల తంగేడు, ఆపైన అదే దారానికి కట్లపూలకు బదులు లేత ఊదా వందనోట్లు, శిఖరాన పసుపు గౌరమ్మ. పండుగ సాయంత్రం సముద్రం ఒడ్డున ఆడవాళ్ళు దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నోట్ల సొంతదారులు వెనక నిలబడి "గది నాది", "దాని పక్కది నాది" అని గర్వంగా చూపించుకున్నారు.

ఆట ముగిశాక, అక్కడున్న వాళ్ళలోకెల్లా పెద్దదైన భీమవ్వ అంది: "పాట పాడి మొక్కినంక అవి పైసలు గావు బిడ్డా, గౌరమ్మ. నీళ్ళల్ల ఏయాల్సిందే."

కిషన్ అడ్డం వచ్చాడు. "అక్కా, మాటిచ్చిన! గంగాప్రసాద్ రేపే పోతుండు!"

గౌరవ్వ వినిపించుకోలేదు. బతుకమ్మను నెత్తిన పెట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచింది. "పోయిరా గౌరమ్మా" అంటూ పళ్ళెంతో సహా ముంచేసింది. కిషన్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి పసుపు కరిగి, బంతిపూలు అలల మీద తేలిపోతున్నాయి. నోట్ల పూలు మాత్రం దారంతో సహా ఆమె చేతిలో నీళ్ళోడుతున్నాయి.

"ఏందిరా ఆ మొకం? అంగి జేబుల నోటు మరిచి ఎన్నిసార్లు ఉతకలే నువ్వు? ఏమన్న అయిందా?"

కిషన్ వాటిని క్యాంపుకు తెచ్చి, విప్పి, బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేశాడు. తెల్లారేసరికి ఎండాయి. ఒక్క చిరుగు లేదు. మడతలే పోలేదు. గదిగదికీ తిరిగి ఎవరిది వాళ్ళకు ఇచ్చేసి ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో గంగాప్రసాద్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చి, నోటు మళ్ళీ అతని చేతిలోనే పెట్టాడు. "అన్నా, దీన్ని పువ్వు చేసియ్యి. మా ఇంటామె శోభారాణికి సూపెట్టాలె. ఒట్టి నోటు సూపిస్తె నమ్ముతదా?"

"అక్క డ్యూటీల ఉంది. నాకు రాదురా."

"బండి వచ్చిందన్నా, జెల్ది!"

కిషన్ భయపడుతూనే మడవబోయాడు. కాగితం తనంతట తానే వంగింది. గౌరవ్వ వేసిన మడతలు ఒకదాని వెంట ఒకటి అతని వేళ్ళను నడిపించుకుపోయాయి. దారం కట్టి కొసలు విప్పేసరికి అరచేతిలో తంగేడు. కిషన్ సంతోషం చెప్పతరం కాదు. ఉలి పట్టిన మొదటి రోజున కూడా అంత పొంగిపోలేదు.

గంగాప్రసాద్ పువ్వును పదిలంగా జేబులో పెట్టుకున్నాడు.

"మరి బస్సుకెట్లరా?"

"ఇంత మంచి పువ్వు కండక్టర్‌కు ఇస్తరా అన్నా? పూచి పడ్డది నువ్వే గద," అని నవ్వుతూ చెయ్యి చాచాడు.

కిషన్ పర్సు తీశాడు. ముడతలు పడ్డ తన రెండు వందల నోటు ఆ చేతిలో పెట్టి, "దీన్నన్న ఖర్చు పెట్టురా," అన్నాడు.