ఏ ఒడ్డుకు చేరినట్టు?

తుఫాను దాటిపోయి రెండు రోజులైనా సముద్రం ఇంకా బురదరంగు వదల్లేదు. సఖినేటిపల్లికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే ఏటిమొగకి దగ్గర్లో ఉన్న పల్లెపాలెంలో బడి కప్పు సగం ఎగిరిపోయింది. శనివారం ఒంటిపూట బడి కాగానే లక్ష్మీకాంతం పిల్లల్ని పంపేసి, తడిసిన పుస్తకాలు అరుగు మీద ఆరబెట్టుకుంటోంది. అరుగు కింద పాలెం ఆడవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. అందరి కళ్ళూ రోడ్డు మీదే.

లక్ష్మీకాంతం వేదం చెప్పుకునే ఇంట పుట్టిన పిల్ల. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఈ పాలెం బడికి వచ్చి ఆరేళ్ళయింది. మధ్యాహ్నం బస్సుకి వచ్చే పేపరు ఆమె చదివి వినిపిస్తే ఆడవాళ్ళు వినడం మొదటి ఏడాదే అలవాటైపోయింది. ఎక్కడో మంత్రి మారినా, రాజమండ్రిలో ధరలు పెరిగినా వాళ్ళకి ఆమె నోటి మీదుగా తెలియాల్సిందే. ఎనభైల మొదటి రోజులవి. పాలెం మొత్తానికి రేడియోలు రెండే, ఆ రెండూ తుఫానుకి తడిసి మూగబోయాయి.

ఆ రోజు వాళ్ళకి మంత్రులూ ధరలూ అక్కర్లేదు. బుధవారం వేటకెళ్ళిన నావల్లో ఒకటి తప్ప అన్నీ పడుతూ లేస్తూ వచ్చి చేరాయి. రానిది మాణిక్యాలరావు నావ. అందులో మాణిక్యాలరావు, అతని తమ్ముడు ముత్యాలరాజు, దేవసహాయం, ముసలి సూరయ్య, నలుగురు ఉన్నారు.

రోడ్డు మూసుకుపోయి బస్సు రాకపోయినా సైకిలు మీద పేపరు వచ్చింది. లక్ష్మీకాంతం గబగబా తిప్పింది. మొదటి పేజీలో పెద్దాఫీసరు ఒకాయన పడవెక్కి మునిగిన చేలు చూస్తున్న ఫోటో. దాని కింద పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్క. లోపలి పేజీలో, ఓ సబ్బు ప్రకటనకి పైన, నాలుగు లైన్లు కనిపించాయి. ఆమె గొంతు సవరించుకుని చదివింది.

"తుఫానులో చిక్కుకున్న మత్స్యకారుల నావలన్నీ క్షేమంగా ఒడ్డుకు చేరినట్టు తెలిసింది. ప్రాణనష్టం గురించి సమాచారమేదీ లేదు."

"అంటే ఏటండీ టీచరుగారూ?" అంది మాణిక్యాలరావు పెళ్ళాం రత్నం.

"అంటే అందరూ క్షేమమనే రత్నం. మీవాళ్ళు ఇంకెక్కడో ఒడ్డెక్కి ఉంటారు."

ఆ మాటతో అరుగు కింద ఒక్కసారిగా గోల రేగింది. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. సూరయ్య పెళ్ళాం వీరాయమ్మ లేచి సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, "మూడు రోజుల్నించి పొయ్యి ముట్టించలేదండి, ఎళ్ళి ఇంత గెంజి కాసుకుంటాను" అంటూ ఇంటికి నడిచింది. రేవులో లాంచీ ఉన్న బాపిరాజుకి కూడా కబురు వెళ్ళింది. సాయంత్రం పోటుకి లాంచీ వేసుకుని మొగ దాటి వెతుకుతానన్న మనిషి, "పేపర్లో వచ్చేసింది కదండీ, ఇంకెందుకు" అని ఆగిపోయాడు.

లక్ష్మీకాంతం మనసు కూడా తేలికపడింది. పుస్తకాలు సర్దుకుని తాళం వేస్తుండగా రత్నం మళ్ళీ వచ్చింది. చేతిలో చిన్న మూట.

"టీచరుగారూ, ఏ ఒడ్డుకండీ?"

"ఏమిటీ?"

"ఏ ఒడ్డుకి సేరేరని రాసేరండీ? నరసాపురం వైపా, బందరు వైపా? పొడి బట్టలు పట్టుకెళ్దామని."

లక్ష్మీకాంతం సంచిలోంచి పేపరు తీసింది. ఒడ్డు పేరు ఉంటుందనే తీసింది. నాలుగు లైన్లూ చదివింది, మళ్ళీ చదివింది. ఒడ్డు ఉంది, ఏ ఒడ్డో లేదు. నావలన్నీ అని ఉంది, ఎన్నో లేదు. తెలిసింది అని ఉంది, ఎవరికి తెలిసిందో లేదు. సమాచారమేదీ లేదు అన్న చోట ఆమె కళ్ళు ఆగిపోయాయి. తను ఆ మాట చదివి, అందరూ క్షేమమని చెప్పింది. అక్కడ రాసిందేమో, మాకేమీ తెలియదని.

పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

"రాయలేదు రత్నం" అంది. "రేపు పొద్దున్నే రాజోలు వెళ్ళి కనుక్కుందాం. ఈ వార్త రాసింది మా బావే."

రత్నం ముఖంలో భయం రాలేదు. ఇంకా నమ్మకంతోనే ఉంది. అది చూడలేక లక్ష్మీకాంతం తల తిప్పేసుకుంది. ఇప్పుడే వెనక్కి పిలిచి అందరికీ చెప్పాలా? చెప్పి, తెల్లారేసరికి వాళ్ళు నవ్వుకుంటూ వచ్చేస్తే? కాచుకున్న గంజి ఆ తల్లుల నోటి దగ్గర నుంచి లాగేసినదాన్నవుతానని భయపడింది. ఏమీ చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున రోడ్డు మీద పడిన కొబ్బరిమానులు దాటుకుంటూ కొంత దూరం నడిచి, తర్వాత దొరికిన బస్సెక్కి ఇద్దరూ రాజోలు చేరారు. బాలగంగాధరం టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతూ పేపరుకి వార్తలు పంపుతుంటాడు. లక్ష్మీకాంతానికి మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచి చనువు. వానకి తడిసిన మిషన్లు తుడుచుకుంటున్నవాడు ఆమెని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం కాంతం, ఇంత పొద్దున్నే?"

ఆమె పేపరు ముందు పెట్టింది. "ఇది ఎవరు చెప్పేరు బావా?"

"తాలూకా కచేరీలో సూర్యనారాయణమూర్తి గారు. నావల సంగతేమిటండీ అంటే, అన్నీ వచ్చేసేయిలే అన్నారు."

"మరి తెలిసింది అని రాసేవు. ఎవరికి తెలిసింది?"

"అది పేపరు భాష. చెప్పినాయన పేరు అక్కర్లేనప్పుడు అలాగే రాస్తాం." నవ్వబోయి, గుమ్మంలో మూటతో నిలబడ్డ రత్నాన్ని చూసి ఆగాడు. "ఏమైంది?"

లక్ష్మీకాంతం చెప్పింది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"నేను పాలెం రావాల్సింది" అన్నాడు. "శుక్రవారం నేనే రాజమండ్రి వెళ్ళి, పేపరు ఆఫీసులో పల్లెపాలేల మీద రెండు పేజీలు రాసి ఇద్దామనుకున్నాను. ఎంతమంది పోయేరని అడిగేరు వాళ్ళు. ఎవరూ పోలేదన్నాను. అయితే నాలుగు లైన్లు చాలు, కొబ్బరిచెట్ల లెక్కా ఆఫీసరుగారి పర్యటనా బాగా రాయమన్నారు. పోతేనే వార్త కాంతం. పోకపోతే జాగా ఉండదు."

"పోయేరో లేదో కనుక్కోవడం వార్త కాదా?"

అతను లేచి మిషను మీద గుడ్డ కప్పాడు. చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

సూర్యనారాయణమూర్తి ఇంటి దగ్గర జారిన పెంకులు సర్దిస్తున్నాడు. మర్యాదస్తుడు. ఆడవాళ్ళకి పీటలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించాడు.

"నావలన్నీ వచ్చేయని తమరు చెప్పేరటండీ" అంది లక్ష్మీకాంతం.

"ఆయ్, చెప్పేనమ్మా. రేడియోలోనే వచ్చింది కదా. శుక్రవారం పొద్దున ప్రాంతీయ వార్తల్లో. ప్రాణనష్టం గురించి సమాచారం అందలేదన్నారు."

"అందలేదన్నారా, జరగలేదన్నారా?"

"రెండూ ఒకటేగా అమ్మా."

"రేడియో వాళ్ళకి ఇక్కడి సంగతులు ఎవరు పంపుతారండీ?"

"ఇంకెవరు, మేమే పంపాలి."

"పంపేరాండీ?"

"ఎలా పంపుతామమ్మా? గురువారం సాయంత్రమే తీగలు తెగిపోతే..."

ఆయన మాట అక్కడే ఆగింది. పెంకులు అందిస్తున్న మనిషి కూడా చెయ్యి ఆపి చూశాడు. ఇక్కడి నుంచి ఏమీ పంపలేదు గనక రేడియో ఏమీ అందలేదంది. రేడియో అలా అంది గనక ఆయన అంతా క్షేమమన్నాడు. ఆయన అన్నాడని పేపరు రాసింది. పేపరు రాసిందని పాలెంలో లాంచీ ఆగిపోయింది. ఈ చుట్టులో ఎక్కడా ఒక్కరు కూడా సముద్రం వైపు చూడలేదు.

రత్నానికి ఆ మాటలన్నీ అర్థం కాలేదు గాని, ముగ్గురి ముఖాలూ అర్థమయ్యాయి. మూట ఒళ్ళో పెట్టుకుని, "అయితే ఆళ్ళు ఏ ఒడ్డుకీ సేరలేదాండీ?" అంది మెల్లిగా.

"తెలీదమ్మా" అన్నాడు సూర్యనారాయణమూర్తి. ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది.

బాలగంగాధరం లక్ష్మీకాంతాన్ని పక్కకి పిలిచాడు. "చూడు, నిన్నటి పేపర్లో నేనే క్షేమమని రాసేను. ఇవాళ గల్లంతని రాస్తే వాళ్ళు నన్ను ఉంచరు. సాయంత్రానికి నావ వచ్చేస్తే ఊళ్ళో తల ఎత్తుకోలేను. ఒక్క రోజు ఆగుదామా?"

ఆగుదామనే మాట ఆమెకీ తీపిగానే వినిపించింది. నిన్న సాయంత్రం తనూ ఆగింది కదా.

"గల్లంతని రాయకు బావా. మనకి తెలిసింది మాత్రం రాయి. ఫలానా నావ, ఫలానా నలుగురు, బుధవారం వెళ్ళేరు, ఇంకా రాలేదు, ఏ ఒడ్డునా చూసినవాళ్ళు లేరు. అంతే. వచ్చేస్తే ఇంకా మంచిది. అప్పుడు నీ మాట తప్పవదు."

లోపలి నుంచి సూర్యనారాయణమూర్తి కండువా వేసుకుని బయటికొచ్చాడు. "పోలీసువాళ్ళ దగ్గర వైర్‌లెస్సు పనిచేస్తోంది. నరసాపురానికీ బందరుకీ కబురు పెట్టిద్దాం, పదండి. అన్నీ వచ్చేయని నేనే చెప్పేనని పైవాళ్ళకి తెలిస్తే తెలుస్తుంది. ఏం చేస్తాం." నలుగురి పేర్లూ దారి పొడుగునా రత్నం చేత పలికిస్తూ నడిచాడు.

తిరుగు దారిలో బాపిరాజు రేవులోనే కనిపించాడు. సంగతి విని మారు మాట్లాడకుండా డీజిల్ పోయించుకున్నాడు. లాంచీ మొగ వైపు మళ్ళుతుంటే రత్నం గట్టు మీద నిలబడే ఉంది. లక్ష్మీకాంతం పాలెంలోకి వెళ్ళి, ఇంటింటి ముందూ ఆగి, "నిన్న నేను చెప్పింది నిజమో కాదో నాకు తెలీదు. రాసినవాళ్ళకీ తెలీదు" అని చెప్పింది. ఒక ఆడమనిషి ఆమె ముఖం మీదే తలుపేసుకుంది. వీరాయమ్మ ఇంటికి మాత్రం వెళ్ళలేకపోయింది. పక్కింటివాళ్ళు చెప్పే ఉంటారని తనకి తాను సర్దిచెప్పుకుంది.

సోమవారం బడిలో ఎక్కాలు చెప్తున్నా చెవులు బయటే ఉన్నాయి. కుక్క మొరిగినా, సైకిలు గంట మోగినా సుద్దముక్క ఆగిపోయేది. బాపిరాజు లాంచీ ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఆ రోజు పేపర్లో నావ గురించి ఒక్క ముక్క లేదు.

మంగళవారం సాయంత్రం కబురొచ్చింది. బందరు వైపు లాంచీవాళ్ళకి వైర్‌లెస్సు కబురు అంది, కళ్ళు పెట్టుకుని చూస్తే, తెరచాప కొయ్య విరిగి కొట్టుకుపోతున్న నావ కనిపించిందట. మాణిక్యాలరావు, ముత్యాలరాజు, దేవసహాయం బతికి ఉన్నారు. సూరయ్య లేడు. శవం నావలోనే ఉంది.

వాళ్ళని తీసుకొచ్చిన రోజు పాలెమంతా ఒడ్డున ఉంది. ముత్యాలరాజు పెదాలు ఉప్పుకి పగిలిపోయి, మాట సరిగా రావటం లేదు. ఎవరో అడిగితే చెప్పాడు. "ఆదివారం పొద్దెక్కేదాకా మాటాడుతూనే ఉన్నాడండి సూరయ్యమావ. లాంచీ వత్తాది, వత్తాది అంటా మాకు దైర్యం సెప్పేడు."

లక్ష్మీకాంతం వెనక్కి వెళ్ళి కొబ్బరిమానుని పట్టుకుని నిలబడింది. శనివారం తను ఆ నాలుగు లైన్లు చదువుతున్నప్పుడు సూరయ్య బతికే ఉన్నాడు. బాపిరాజు లాంచీ ఆ సాయంత్రమే మొగ దాటి ఉంటే దొరికేవాళ్ళో లేదో ఎవరూ చెప్పలేరు. అంత సముద్రంలో దొరక్కపోయి ఉండొచ్చు. దొరికి ఉండొచ్చు కూడా.

రెండు రోజుల తర్వాత పేపర్లో ముగ్గురి ఫోటో వచ్చింది. ఈసారి మొదటి పేజీలోనే. అధికారుల చురుకుదనం ముగ్గురి ప్రాణాలు కాపాడిందని పెద్దక్షరాలు. సూరయ్య పేరు ఎక్కడా లేదు. బాలగంగాధరం ఆ సాయంత్రం పాలెం వచ్చాడు. తను ఆ పేరు రాశాననీ, మొదట క్షేమమని రాసిన సంగతి కూడా రాశాననీ, అవి రెండూ కొట్టేశారనీ చెప్పాడు. పేపరువాళ్ళ దగ్గర నుంచి సంజాయిషీ అడుగుతూ కబురొచ్చిందట. అయినా జేబులోంచి కాగితాలు తీసి, ఏ నావ ఎప్పుడు వెళ్ళింది, ఎవరెవరున్నారు అని మాణిక్యాలరావుని మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాడు. "వేస్తారాండీ?" అని రత్నం అడిగితే, "తెలీదమ్మా" అన్నాడు.

లక్ష్మీకాంతం అప్పుడు వీరాయమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ గోడకి చేరగిలబడి ఉంది. తనని చూసి లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"పేపర్లో మా ఆయన పేరు లేదంటగా అండీ" అంది వీరాయమ్మే.

"లేదు వీరాయమ్మా."

"ఉన్నా నాకు సదువు రాదు గదండీ." పైట భుజమ్మీదకి లాక్కుంది. "శనోరం మీరు సదివేరే, అది ఎలా రాసేరో ఇంకోపాలి సెప్పండమ్మా."

లక్ష్మీకాంతానికి ఆ నాలుగు లైన్లూ నోటికొచ్చేశాయి. ఒక్క మాట మార్చకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పింది. వీరాయమ్మ తల ఊపుతూ వింది.

"ఆ మాట ఇన్నాక, ఇంత గెంజి తాగి, ఆ రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్దరోయేనండి" అంది. "పెళ్ళైన కాణ్ణుంచీ ఆయన సముద్రం మీదుండగా నేను అలా పడుకున్నది ఆ ఒక్క రాత్రే."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే లక్ష్మీకాంతం ఏదో ఒకటి అని ఉండేది. ఆ నేల మీదే, ముసలమ్మ పక్కన గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.