వాకిట్లో జయమణి

గోడకి నీళ్ళు కొట్టే పని కూడా చివరికి గ్రేసీ మీదే పడింది. ప్రహరీ కొత్తగా కట్టారు, ప్లాస్టరింగ్ అయింది, పొద్దునా సాయంత్రం తడపకపోతే బీటలిస్తుందని కాంట్రాక్టర్ స్టీవెన్ చెప్పి వెళ్ళాడు. "ఎలాగూ పొద్దున్నే లేస్తావుగా, రెండు నిమిషాలు పైపు పట్టుకుంటే అయిపోతుంది" అన్నాడు క్రాంతికుమార్. మొగుడి లెక్కలో అది రెండు నిమిషాలు. గ్రేసీకి మాత్రం కుక్కర్ పెట్టడానికీ, ఇద్దరి క్యారేజీలు సర్దడానికీ, వీరులపాడులో తన బడికి వెళ్ళే బస్సు అందుకోవడానికీ మధ్య ఎక్కడో ఇరికించుకోవాల్సిన అరగంట.

ఆ పొద్దున పైపు పట్టుకుని నిలబడి ఉండగా ఇంటి పక్క సందులో ఎవరో దగ్గారు.

చిన్న దగ్గు. గొంతులో గరగరేమీ లేకపోయినా, ఇక్కడున్నానని తెలియడానికి దగ్గే దగ్గు. గ్రేసీ వెనక్కి తిరిగి చూసింది. సందులో సిమెంటు బస్తాలున్నాయి, వాటి మీద కప్పిన పట్టా గాలికి కదులుతోంది. మనుషులెవరూ లేరు. పైపులో నీళ్ళు గోడ మీద కాకుండా తన కాళ్ళ మీద పడుతున్నాయని చాలాసేపటికి గానీ ఆమెకి తెలియలేదు. ఆ దగ్గు ఎవరిదో తెలుసు. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

జయమణి క్రాంతికుమార్‌కి అక్క. వత్సవాయిలో ఇచ్చారు. పెళ్ళయిన కొన్నాళ్ళకి మెడ మీద తెల్లమచ్చ లేచింది, తర్వాత చేతుల మీద, ఆ తర్వాత పెదవి పక్కన. అది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని డాక్టరు చెప్పినా అత్తగారు ఆవిడ వండింది ముట్టలేదు. చివరికి తండ్రి ఆశీర్వాదం మాస్టారే వెళ్ళి, కూతుర్ని వెంటబెట్టుకుని నందిగామ బస్సెక్కారు. గ్రేసీ ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే జయమణి ఇక్కడుంది, పోయేదాకా ఇక్కడే ఉంది. గ్రేసీ ఉద్యోగం నిలబెట్టుకుందంటే ఆ వదిన వల్లే. పిల్లలిద్దరికీ నీళ్ళు పోసింది, అన్నం తినిపించింది, జ్వరాలొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. వాళ్ళు హాస్టళ్ళకి వెళ్ళాక ఆవిడ ప్రాణమంతా ఇంటి ముందు మట్టిలోనే. కనకాంబరాలు, చంద్రకాంతలు, గేటు పక్కన గుబురుగా నందివర్ధనం, ప్రహరీ పొడుగునా బంతిమొక్కలు, మధ్యలో బచ్చలిపాదు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

వాటిని పెంచిన మనిషిని మాత్రం ఎవరూ చూళ్ళేదు. వెలుగు రాకముందు ఓసారి, మసకపడ్డాక ఓసారి, ఆ వేళల్లోనే ఆవిడ వాకిట్లోకి వచ్చేది. ఎప్పుడన్నా పగటిపూట వచ్చి మొక్కల దగ్గర కూర్చుందా, గేటు చప్పుడైతే చాలు, క్రాంతికుమార్ గొంతు తగ్గించి "అక్కా, ఎవరో వస్తున్నారు" అనేవాడు. లోపలికి వెళ్ళమని ఒక్కనాడూ అనలేదు. అనాల్సిన పనే రాలేదు. ఆవిడ చేతులు కొంగులో చుట్టుకుని సందులోంచి పెరట్లోకి వెళ్ళిపోయేది. కాసేపయ్యాక సందు చివరికి వచ్చి నిలబడి దగ్గేది. "రా వదినా, వెళ్ళిపోయారు" అని గ్రేసీ కేకేస్తే అప్పుడు వచ్చేది. కేకెయ్యకపోతే అక్కడే నిలబడి ఉండేది.

వాకిలి బాగుచేయిద్దామన్న మాట జయమణి సంవత్సరీకం ప్రార్థన అయిన వారానికే వచ్చింది. "ఈ లైన్లో ఒక్కో ఇల్లు ఎలా ఉందో చూడు. మనదొక్కటే పొదలాగా ఉంది. రేపు మా ఆఫీసరు గారొస్తే, వీళ్ళింతేలే అనుకోరూ?" అన్నాడు క్రాంతికుమార్. 'వీళ్ళు' అన్నచోట అతని గొంతు కొంచెం గరుకైంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో గ్రేసీకి తెలుసు. పెళ్ళైన కొత్తలో అతనికి బదిలీ అయిన ఊళ్ళో ఇద్దరూ అద్దె ఇంటి కోసం తిరుగుతుంటే, మీరెవరు, ఏ చర్చికి వెళ్తారు అని అడిగి, ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్న గడపలు ఆమె కూడా చూసింది. చిన్నప్పుడు తండ్రితో రైతుల ఇంటికెళ్తే గేటు బయటే నిలబడేవాణ్ణని అతను ఒకే ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు. ఆ గేటుకి జవాబుగా ఈ గేటు పెట్టించుకుంటున్నాడు. అందుకే వద్దనలేకపోయింది. గోడవార కొంచెం మట్టి వదిలేద్దామండీ అని మాత్రం అడిగింది.

"మట్టుంటే మళ్ళీ బురద, పురుగూ. ప్లాస్టిక్ గడ్డి వేయిస్తా. ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, నీక్కూడా పని తగ్గుతుంది."

ఆమె బడి నుంచి వచ్చేసరికి మొక్కలన్నీ ట్రాక్టరు ట్రక్కులో ఉన్నాయి. నందివర్ధనం వేళ్ళతో సహా పడుకుని ఉంది, పూలు ఇంకా వాడలేదు. తర్వాత జగ్గయ్యపేట నుంచి టైల్సు వచ్చాయి. పోర్టికో ముందు సిట్‌అవుట్, దానికి స్టీలు రెయిలింగు, కళ్ళకి గుచ్చుకునేంత పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, నలుగురు కూర్చోడానికి కేను కుర్చీలు. పనివాళ్ళకి టీలు పెట్టడం, ఇల్లంతా పరుచుకున్న సిమెంటు దుమ్ము తుడవడం, టైల్సు మీద మరకలు గీకడం గ్రేసీ వంతు. ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళక్కర్లేదు, నిజమే. కానీ హైవే దుమ్ము దాని మీద పడితే బ్రష్షు పెట్టి దువ్వాలి.

దువ్వుతుంటే సందులో దగ్గు. బట్టలారేస్తుంటే దగ్గు. మట్టన్నదే లేని వాకిట్లో తడిమట్టి వాసన. ఒక సాయంత్రం ఇక ఆగలేక "రా వదినా, ఎవరూ లేరు" అని పైకే అనేసింది. హాల్లోంచి క్రాంతికుమార్ తలుపు తీసుకుని వచ్చాడు. "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు. ఎవరితోనూ కాదంది. అతను సందు వైపు ఓసారి చూసి, చప్పున మొహం తిప్పుకున్నాడు. ఈయనక్కూడా వినపడుతోందా? అడగలేదామె. అడిగితే లేదంటాడు, అతను ఉందంటే అంతకంటే భయం.

వాకిలి పూర్తయ్యాక నియమాలు మొదలయ్యాయి. అరిచి చెప్పిందేం లేదు, ముద్దుగానే చెప్పాడు. "నైటీతో ముందుకి రాకు గ్రేసీ." "ఇక్కడ కూర్చుని గోరుచిక్కుళ్ళు వలుస్తారా ఎవరన్నా? లుక్ పోతుంది." "ఆ దండెం పెరట్లోకి మార్పించు." ఆఫీసు స్నేహితులొస్తే కుర్చీలు నిండేవి, గ్రేసీ వంటింట్లోంచి పకోడీ పళ్ళెం తెచ్చి పెట్టి వెళ్ళేది. ఇంత ఖర్చు పెట్టి కట్టిన ఆ చోట తను ఒక్కసారీ వీపు ఆనించి కూర్చోలేదని ఆమెకి తోచనే లేదు, ఆ శనివారం దాకా.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు తుడుస్తోంది. పాత నైటీ, ముడేసిన జుట్టు, చేతుల నిండా సర్ఫు నురగ. గేటు గడియ చప్పుడైంది. కుర్చీలో పేపరు చదువుతున్న క్రాంతికుమార్ తలెత్తకుండా, గొంతు తగ్గించి, "గ్రేసీ, ఎవరో వస్తున్నారు" అన్నాడు.

ఆమె ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. బకెట్టుతో సహా సందులో ఉంది. నురగ చేతులు నైటీ కొసలో చుట్టుకుని గోడవార నడిచి పెరట్లోకి వెళ్ళింది. జామచెట్టు కింద కాసేపు నిలబడింది. బయట మాటలు ఆగినట్టనిపించి సందు చివరిదాకా వచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయారో లేదో కనపడటం లేదు. అప్పుడు దగ్గు వినపడింది, చాలా దగ్గరగా. దగ్గింది తనే.

గోడకి చెయ్యి ఆనించుకుని అక్కడే నిలబడింది. ఇన్నాళ్ళూ విన్నది వదినదా, తనదా? ఆవిడ ఇక్కడ నిలబడి ఏం చూసేదో ఇప్పుడు తెలిసింది. ఇక్కణ్ణుంచి వాకిలి కనపడదు. గేటు కొస, కాస్త ఆకాశం కనపడతాయంతే. ఎవరో పిలిస్తే తప్ప ముందుకు కదలకూడదన్న భయం ఒకటి పాదాల్లోంచి పైకి పాకుతుంది. ఆవిడకి మచ్చలున్నాయి కాబట్టి దాక్కునేదనుకున్నారు. తన ఒంటి మీద ఏ మచ్చా లేదే.

మర్నాడు ఆదివారం, ఆరాధన అయ్యాక సాయంత్రం ఆఫీసరు తిరుపతిరావు గారూ ఆయన భార్య సీతారావమ్మ గారూ వచ్చారు. క్రాంతికుమార్ మొహం వెలిగిపోతోంది. ఆయన రెయిలింగు తట్టి చూసి "ఇల్లు భలే తీర్చిదిద్దావయ్యా" అన్నాడు. గ్రేసీ ఇస్త్రీ చీర కట్టుకుని కారప్పూస, స్వీటు పెట్టిన ట్రే పట్టుకుని వచ్చింది.

సీతారావమ్మ గడ్డిని వేలితో తాకి చూసింది. "ఇదివరకు పూలమొక్కలుండేవి కదమ్మా. పొద్దున్నే వాకింగ్‌కి ఇటు వచ్చినప్పుడల్లా నందివర్ధనం దగ్గర ఓ నిమిషం ఆగేదాన్ని. మీ ఆడపడుచు పెంచేదని ఎవరో చెప్పారు. ఆవిణ్ణి మాత్రం ఎప్పుడూ చూళ్ళేదు."

"మా అక్కకి సిగ్గెక్కువండీ," అన్నాడు క్రాంతికుమార్. "జనమంటే పడేది కాదు. తనే బయటికి వచ్చేది కాదు."

అబద్ధం చెప్పినట్టు చెప్పలేదతను. గొంతులో నిజమైన దిగులుంది, కళ్ళలో తడి ఉంది. గ్రేసీని భయపెట్టింది అదే. ఇంకొన్నాళ్ళకి ఇదే నిజమైపోతుంది. తర్వాతెప్పుడో ఇవే కుర్చీల్లో కూర్చుని, మా ఆవిడకి ముందు కూర్చోవడం ఇష్టముండేది కాదండీ అంటాడు, ఇంత దిగులుగానూ.

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది.

"సిగ్గు కాదండీ. ఒంటి మీద తెల్లమచ్చలుండేవి. ఎవరన్నా వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళేలా చేసింది ఈ ఇల్లే."

రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. తిరుపతిరావు కారప్పూస పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గ్రేసీ, టీ సంగతి చూడు," అన్నాడు క్రాంతికుమార్. అన్నేళ్ళుగా ఆమెకి తెలిసిన ఆ తగ్గించిన గొంతుతోనే అన్నాడు.

గ్రేసీ ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుంది. కేను కొత్తగా కిర్రుమంది. వీపు వెనక్కి ఆనించింది.

"టీ పొయ్యి మీద ఉందండీ. మీరు పోసుకురండి."

అతను ఒక్క క్షణం నిలబడి, వచ్చినవాళ్ళ వైపు నవ్వబోయి, నవ్వు రాక లోపలికి వెళ్ళాడు. వంటింట్లో గిన్నెలు తగులుకుంటున్న చప్పుడు. కప్పులెక్కడుంటాయో వెతుక్కుంటున్నాడు. సీతారావమ్మ మెల్లగా కుర్చీ ఇటు జరుపుకుని, "పేరేంటమ్మా ఆవిడది?" అంది.

"జయమణి," అంది గ్రేసీ. వీధిలోకి వినపడేంత గట్టిగానే అంది.

క్రాంతికుమార్ ట్రేతో వచ్చాడు. సాసర్లలో టీ ఒలికి ఉంది. ఆయనకొకటి, ఆవిడకొకటి, తనకొకటి, మూడు కప్పులు తెచ్చాడు.

"నాకూ కావాలండీ," అంది గ్రేసీ, కుర్చీలోంచి లేవకుండా.