బియ్యం డబ్బాలోని మాత్రలు

చాపలు పరవాలి. పక్కింటి జకర్యా గారి దగ్గర నుంచి డోలక్ తేవాలి. పాస్టరు అయ్యగారి కుర్చీ మీద ఉతికిన దుప్పటి వేయాలి. ఉపవాసం విడిచే వేళకు నిమ్మకాయ షర్బతు కలపాలి. అన్నిటికంటే ముందు, దేవకృప మాత్రలు బియ్యం డబ్బాలో దాచాలి.

1996 వేసవిలో, సీతాఫల్‌మండిలోని తన ఇంట్లో ప్రతి శుక్రవారం ప్రార్థన కూటానికి ముందు ప్రేమమణి చేసే పనులివి. ఆమె కూతురు దేవకృప బడిలో పంతులమ్మ. మాట్లాడుతూ మాట్లాడుతూ, చేతిలో వస్తువు పట్టుకునే కాసేపు బొమ్మలా నిలిచిపోయే జబ్బు ఆమెకు చిన్ననాటి నుంచీ ఉంది. మూర్ఛలో అదొక రకమని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి మందిచ్చాడు. మూడేళ్ళుగా అది మళ్ళీ రాలేదు. తల్లి మాత్రం చర్చిలో లేచి, ప్రార్థనతోనే నయమైందని సాక్ష్యం చెప్పేసింది.

ఈ శుక్రవారం స్త్రీల సమాజం పెద్ద కాంతమణి కొత్త మాట తెచ్చింది. మందులు మానేశానని దేవకృపే స్వయంగా సాక్ష్యం చెప్పాలట. లేకుంటే సండే స్కూలు పిల్లలను ఆమెకు అప్పగించరట. ఆ ఒక్క మాట అనేసి, మాత్రలు చాటుగా వేసుకొమ్మని తల్లి బతిమాలింది.

దేవకృపకు చిన్నమ్మ రోసమ్మ గుర్తొచ్చింది. ఫిట్స్ మనిషి. రెండేళ్ళ కిందట ఇదే గదిలో ఇదే సాక్ష్యం చెప్పి, చెప్పిన మాట ప్రకారం మాత్రలు మానేసింది. పదకొండో రోజున నీళ్ళ సంపు దగ్గర ఫిట్స్ వచ్చి అందులో పడి చనిపోయింది. గుండె ఆగి ప్రభువునందు నిద్రించిందని ఇంట్లోవాళ్ళు లోకానికి చెప్పారు.

కూటంలో సాక్ష్యం చెప్పమని పిలవగానే దేవకృప లేచింది. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా తెచ్చి అయ్యగారి ముందు పెట్టి మూత తీసింది.

"నరాల కణాలకు చిన్న చిన్న తలుపులుంటయి. వాటిగుండ కాల్షియం లోపలికి పోతది. నా తలకాయల ఆ తలుపులు అదుపు తప్పి, కణాలన్నీ ఒక్క దరువుకే కొట్టుకుంటే, నిలబడ్డకాడనే నాకు లోకం తెల్వది. ఈ మాత్ర ఆ తలుపులను జెర అదిమి పడ్తది. ఇందుల దయ్యం లేదు, పాపం లేదు."

ప్రార్థన మీద నమ్మకం లేదా అని కాంతమణి అడిగింది.

"ఆంటీ, మీరు సుత అద్దాలు పెట్టుకునే గదా బైబిలు చదువుతున్నరు."

వెనక చాప మీద ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. దేవకృప షర్బతు గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా మాత్ర మింగింది.

"సండే స్కూలు తీసుకుంటే తీసుకోండి. మాత్ర మాత్రం మాన. మా చిన్నమ్మది గుండె జబ్బు కాదు. మాత్ర ఆపి పోయింది. అది సుత సాక్ష్యమే."

అయ్యగారు తల దించుకున్నారు. ప్రేమమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి, డబ్బాలోని మాత్రలు తీసి బైబిలు పక్కన, అందరికీ కనబడేలా పెట్టింది.

పాఠకులారా, ప్రార్థించండి, మొక్కుకోండి. కాని డాక్టరు చెప్పనిదే మూర్ఛ మందు ఆపకండి, ఎవరి చేతా ఆపించకండి. మీ ఇంట్లో ఎవరి మాత్రలైనా దాచడానికి చెయ్యి చాచిన నాడు, సంపులో పడిపోయిన రోసమ్మను ఒక్కసారి తలచుకోండి.