ఖాళీ ఫ్లాష్

ఎవరైనా నా ముందు విశ్వనాథ్ గారి మంచితనం గురించి మాట్లాడితే నాకిప్పటికీ ఒళ్ళు మండుకొస్తుంది. మంచివారే, కాదనను. ధవళేశ్వరంలో ఆయన ఫొటో స్టూడియో మెట్లెక్కిన ప్రతివాళ్ళనీ ‘అమ్మా, బాబూ’ అనే పిలుస్తారు. ఆ తియ్యటి మాటలతోనే మా అమ్మ రత్తమ్మని ఏళ్ళ తరబడి తిప్పారు.

మా నాన్న పల్లంరాజు గోదారి మీద వలేసుకుని బతికినవాడు. నా చిన్నప్పుడే కామెర్లతో పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఓటరు కార్డులకి ఫొటోలు తీసిన రోజున కూడా మహానుభావుడు వేటకే వెళ్ళాడు. గోడకి పటం కట్టించి దండ వేసుకుందామంటే ఏ మొహానికి వెయ్యాలి? అమ్మకి ఉన్నదల్లా ఒకటే ఆశ. రైసుమిల్లు వాళ్ళమ్మాయి పెళ్ళిలో మర్నాటి విందుకి చేపలిచ్చింది నాన్నే. ఆ మిల్లు పెద్దాయన వీళ్ళిద్దర్నీ స్టేజీ మీదకి పిలిచి, పెళ్ళికొడుకు పక్కన నాన్ననీ, పెళ్ళికూతురి పక్కన అమ్మనీ నిలబెట్టాడు. ఫొటో తీసింది విశ్వనాథ్ గారే. నాన్న పోయాక అమ్మ మిల్లు వాళ్ళింటికెళ్ళి ఆల్బం చూస్తే అందులో ఆ ఫొటో లేదు. ఫిలిం స్టూడియోలో ఉంటుందిలే అన్నారు వాళ్ళు. అప్పట్నించీ అమ్మ అడుగుతూనే ఉంది, ఈయన “చూస్తానమ్మా, పాత పెట్టెలు దింపాలి” అంటూనే ఉన్నారు.

నా ఇంటరయ్యేసరికి ఆయన కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నారు. ఓణీల ఫంక్షన్లకీ సీమంతాలకీ ఆడపిల్ల కెమెరా పట్టుకుంటే లోపలి గదుల్లోకి రానిస్తారని ఆయన ఆలోచన. పని నేర్పుతాను పంపించమన్నారు. అమ్మ ఎగిరి గంతేసింది. పనీ నేర్చుకో, ఆ పెట్టెలు ఎక్కడున్నాయో కూడా చూడు అని మరీ మరీ చెప్పి పంపించింది.

మొదట్లో నేర్చుకున్నదానికంటే తిట్లు తిన్నదే ఎక్కువ. బటన్ సగం నొక్కి ఆగాలి, తెర మీద మొహం చుట్టూ పచ్చ గీత పడ్డాక మిగతా సగం నొక్కాలి. నేనేమో ఆత్రంగా ఒకేసారి నొక్కేసేదాన్ని, మొహాలన్నీ అలుక్కుపోయేవి. ట్యూబులైటు కింద తీస్తే పెళ్ళికూతుళ్ళు ఆకుపచ్చగా వచ్చేవారు. దానికి మెనూలో సెట్టింగు మార్చాలని తెలిసేలోపు ఎంతమంది తల్లుల చేత చీవాట్లు తిన్నానో! అయినా తీసింది తీసినట్టు వెనకాల తెర మీద కనబడుతుంటే నాకెంత సంబరంగా ఉండేదో చెప్పలేను. బ్యారేజీ గట్టు మీద కనబడ్డవాళ్ళనల్లా ఆపి తీసేదాన్ని.

పెట్టెలు నేనే అటక మీంచి దింపాను. దుమ్ము దులిపి, నెగిటివులు ఒక్కొక్కటే దీపానికి పెట్టి చూశాను. మిల్లు వాళ్ళ పెళ్ళి దొరికింది. వియ్యాలవారున్నారు, డాక్టరు గారున్నారు, అమ్మా నాన్నా లేరు. ఇంకో రీలు ఎక్కడో ఉండి ఉంటుందని అమ్మకి సర్దిచెప్పాను.

తర్వాత కడియంలో ఒక ఓణీల ఫంక్షన్‌కి విశ్వనాథ్ గారూ నేనూ వెళ్ళాం. దండలు కట్టిన ఆడవాళ్ళు చేతులు తుడుచుకుని, కొప్పులు సర్దుకుని, పిల్ల పక్కన నిలబడ్డారు. నేను తీశాను. తెర మీద చూపిస్తే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ చూసి నవ్వుకున్నారు. వాళ్ళటు దిగగానే విశ్వనాథ్ గారు నా చెవి దగ్గరకొచ్చి, చూపించేశావుగా, ఇంక అవి కొట్టెయ్, చుట్టాల అక్షింతలు ఇంకా కాలేదు, కార్డు నిండిపోతుంది అన్నారు.

ఎందుకు కొట్టెయ్యాలని భోజనాల దగ్గర అడిగాను. కోప్పడలేదు. పాఠం చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పారు.

“రీళ్ళప్పుడు ఇంకా సుఖంగా ఉండేదమ్మా. ఖాళీ ఫ్లాష్ కొట్టేవాళ్ళం. ఫ్లాషు వెనకాల చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే వెలుగొస్తుంది, రీలు కదలదు. పనివాళ్ళ ఫొటోలు ఆల్బంలో ఎవరిక్కావాలి? వాళ్ళకీ ముచ్చట తీరుతుంది, మనకీ రీలు మిగులుతుంది.”

నేను పులిహోర ముద్ద ఆకులో పడేశాను.

“మా అమ్మా నాన్నలకీ అదే కొట్టారాండీ?”

“అయ్యుంటుందమ్మా” అని, సాంబారు ఇటు తెమ్మని వడ్డించేవాణ్ణి పిలిచారు.

అయ్యుంటుందట! మరి ఇన్నేళ్ళూ ఆ చూస్తానులూ వెతుకుతానులూ ఏంటి? లేదమ్మా అని ఒక్క మాట చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? చేపల గంప నెత్తిన పెట్టుకుని మా అమ్మ ఎండలో ఆ మెట్ల దగ్గర నిలబడ్డప్పుడల్లా ఈయనకి తెలుసు, లేని ఫిలిం కోసం నిలబడిందని. నేను ఆకు మీంచి లేచిపోయాను. దండలు కట్టినవాళ్ళ ఫొటోలు ఒక్కటంటే ఒక్కటి కొట్టెయ్యలేదు. ఏం చేసుకుంటారో చేసుకోమన్నాను.

అమ్మకి చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుమిట్టాడాను. చివరికి చెప్పేశాను, ఇప్పటికి ఆవిణ్ణి మోసం చేసినవాళ్ళు చాలు. అమ్మ మర్నాడు చేపలు అమ్ముకుని, ఖాళీ గంప మెట్ల కింద పెట్టి స్టూడియోలోకి వచ్చింది. లోపల బేరాలున్నాయి. చేపల బజారులో అమ్మ నోరు విప్పితే ఆ చివరికి వినబడుతుంది. నలుగురి ముందూ దులిపేస్తుందని నేను ఆశగా చూశాను.

“అమ్మాయి చెప్పిందండి. ఫొటో పడలేదంట కదండి” అంది అమ్మ, మెల్లగా.

అప్పట్లో అందరూ అలాగే చేసేవారని విశ్వనాథ్ గారు నసిగారు. కావాలంటే ఆర్టిస్టు చేత నాన్న బొమ్మ గీయిస్తానన్నారు.

“బొమ్మొద్దండి. ఆవేళ ఆయనెలా ఉన్నాడోనని నేను తల తిప్పబోతే, పక్కకి చూడకమ్మా, ఫొటో పాడైపోద్ది, ఇటే చూడన్నారు మీరు. మీ వంకే చూశానండి. అంతమంది పెద్దోళ్ళ మధ్య ఆయన నిలబడ్డం అదొక్కసారే. ఆయన మొహం నేను చూళ్ళేదు, ఫొటోలో చూసుకోవచ్చులే అనుకున్నాను. ఎదురుగా ఉండి చూసింది మీరే కదండి. చెప్పండి బాబూ, నవ్వేడా ఆయన?”

విశ్వనాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, గుర్తు లేదమ్మా అన్నారు.

“గుర్తు తెచ్చుకోండి, తొందరేం లేదండి” అని అమ్మ గోడవార బల్ల మీద కూర్చుంది.