ఎలీసమ్మగారి నూట ఎనభై ఆరు పేజీలు

నోటు పుస్తకాలు అమ్మేయమన్నది దేవకుమారే. ఆ తప్పు ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు.

ప్రత్తిపాడు మిషను బళ్ళో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఎలీసమ్మగారు ఆ బడి కథంతా ఇంగ్లీషులోనే ఏడు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. బడికి వందేళ్ళు నిండే ఏడు, 1988లో, దాన్ని అచ్చు వేయించాలని పెద్దలు అనుకుంటే, ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్న దేవకుమారి తాను టైపు చేసిపెడతానంది. బడి ఆఫీసులో పాత కంప్యూటరు ఒకటి ఉంది, స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక దొరసాని వదిలివెళ్ళినది. రోజూ వంటయ్యాక రెండేసి గంటలు దాని ముందు కూర్చుని, ఎనిమిది నెలల్లో నూట ఎనభై ఆరు పేజీలు పూర్తి చేసింది. అయిన పేజీకల్లా ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టేది. తీరా అంతా అయ్యాక చూసుకుంటే ఏడు పుస్తకాల నిండా తన గీతలే. వాటిని అలా టీచరుగారి చేతికివ్వడానికి సిగ్గేసింది. ఎటూ కంప్యూటరులో భద్రంగా ఉంది కదా అనుకుని, పాత పేపర్లతో పాటు తూకానికి వేసేయమని భర్త జయరావుకి చెప్పింది.

నెల తిరక్కుండా ఆఫీసులో ప్రింటరు మూలపడింది. ఆ వెనకే కంప్యూటరు తెర కూడా, వెలిగిన అరగంటకల్లా ఆరిపోవడం మొదలుపెట్టింది.

గుంటూరు అరండల్‌పేటలో పానకాలు అనే ఆయన కొత్త కంప్యూటరు పెట్టుకుని జాబ్ టైపింగు చేస్తున్నాడు. దేవకుమారి తాను టైపు చేసిందంతా ఎక్కించిన మూడు ఫ్లాపీలూ సంచిలో పెట్టుకుని వెళ్ళింది. అవి అప్పడాలంత ఉన్నాయి. ఆయన కంప్యూటరు నోరు అరచేయంత. పానకాలు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకవేళ పట్టినా వీటి రాత తన కంప్యూటరు చదవలేదని, రెండు కంప్యూటర్లనీ పక్కపక్కన పెట్టి వైరు కలిపితే ప్రయత్నించవచ్చని చెప్పాడు. పాత దానికి విడిభాగాలు దొరకవనీ, అది ఇంకెన్నిసార్లు వెలుగుతుందో తను పూచీ పడలేననీ కూడా అన్నాడు.

శుక్రవారం ఎలీసమ్మగారు పేజీలు చూసుకోవడానికి వస్తానన్నారు. గురువారం పొద్దున జయరావు కంప్యూటరును కట్టడానికి గోతాం తెచ్చాడు. దేవకుమారి దులిపి చూసి ఇద్దరూ తుమ్ముతుంటే దాన్ని అవతల పారేసింది. మిరపకాయలు పోసిన గోతాం. చివరికి ఇంట్లో రెండు పత్తి దిండ్ల మధ్య కంప్యూటరును ఇరికించి, దుప్పటితో మూటకట్టి బస్సెక్కించారు.

"పుట్టింటికి వెళ్ళేటప్పుడు కూడా నిన్నింత జాగ్రత్తగా దింపలేదు," అన్నాడు జయరావు.

ఆమెకు నవ్వు రాలేదు. టీచరుగారు పుస్తకాలు ఏవమ్మా అంటే ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంటూనే ఉంది.

పానకాలు వైరు తగిలించి, పాత కంప్యూటరు వీపుకి ఫ్యాను తిప్పిపెట్టాడు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండు వైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చి అతికితే కొత్త తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. దేవకుమారి కుర్చీ ముందుకి జరుపుకుని చూసింది. మాటలన్నీ చెడిపోయి ఉన్నాయి. మధ్యమధ్య గ్రీకు అక్షరాల్లాంటివి, గీతలు, చుక్కలు.

"చెమ్మ పట్టినట్టుంది మేడమ్. ఇన్నాళ్ళూ బీరువాలో ఉన్న ఫ్లాపీలు కదా," అన్నాడు పానకాలు. ఆయన గొంతులో ఇక లాభం లేదన్న ధోరణి వినిపించింది.

దేవకుమారి తెర వైపు వంగింది. బియ్యంలో రాళ్ళు చూసినట్టు ఒక్కో వరసా చూసుకుంటూ పోయింది. తాను కొట్టిన వాక్యాలే, కంఠతా వచ్చు. పది వరసలయ్యాక తలెత్తింది.

"చెమ్మయితే ఎక్కడ పడితే అక్కడ పాడవ్వాలి గదండీ. ఇదేమో ప్రతి మాటకీ ఆఖరి అక్షరాన్నే తింటోంది. ముందువన్నీ శుభ్రంగా ఉన్నాయి. చెమ్మకి లెక్క తెలుస్తుందా?"

పానకాలు తెరకి మొహం ఆనించి చూశాడు. తర్వాత ఆ పాత కంప్యూటరుతో వచ్చిన లావుపాటి పుస్తకం అడిగి తీసుకుని చాలాసేపు తిరగేశాడు. ఒక్కో అక్షరం ఎనిమిది గుర్తుల వరసగా వస్తుందట. మామూలుగా ఎనిమిదోది ఖాళీ. ఈ పాత కంప్యూటరు మాత్రం మాట ఎక్కడ ముగిసిందో తనకు గుర్తుండటానికి ఆఖరి అక్షరం మీద ఆ ఎనిమిదోది వాడుకుందట. కొత్తది దాన్ని వేరే అక్షరమనుకుంటోంది.

"నేను ఎర్ర గీతలు పెట్టినట్టు," అంది దేవకుమారి నెమ్మదిగా.

ఏ గీతలో పానకాలుకి తెలియదు. తల ఊపి, ఏడు గుర్తులే పంపేలా రెండు వైపులా మార్చాడు. ఈలోగా పాత తెర ఆరిపోయింది. అది చల్లారేదాకా ముగ్గురూ టీ తెప్పించుకున్నారు, దేవకుమారి గ్లాసు మాత్రం అలాగే ఉండిపోయింది. మళ్ళీ వెలిగింది. మొదటి అధ్యాయం వచ్చింది, ప్రతి మాటా ఆఖరి అక్షరంతో సహా. ఇంకో మూడుసార్లు ఆరి, మూడుసార్లు వెలిగి, సాయంత్రం నాలుగింటికి నూట ఎనభై ఆరో పేజీ కూడా ఇవతలికి చేరింది. పానకాలు రెండు కొత్త ఫ్లాపీల మీదికి కాపీ తీశాడు. కాగితం మీద కూడా వేసి ఇమ్మని దేవకుమారి పట్టుబట్టి కూర్చుంది. ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని వచ్చేటప్పుడు బస్సులో నిద్రపోయింది.

శుక్రవారం ఎలీసమ్మగారు వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పది పేజీలు చదివారు. బాగుందమ్మా అన్నారు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ దేవకుమారి ఊరుకోలేకపోయింది.

"టీచరుగారూ, మీ నోటు పుస్తకాలు లేవండీ. నేనే తూకానికి వేయించాను."

ఎలీసమ్మగారు చేతిసంచిలోంచి బైబిలు తీసి, దాని మధ్య నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి బల్ల మీద పరిచారు. మధ్యలో నూనె మరక. అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత.

"నెలన్నరైంది. పున్నమ్మ బండి దగ్గర బజ్జీలు కొంటే నా చేతిరాతలోనే చుట్టిచ్చింది."

"మరి అడగలేదేమండీ?"

"నువ్వే చెప్తావని చూశా. నువ్వు బళ్ళో ఇంకుబుడ్డి పగలగొట్టినప్పుడు కూడా మూడు రోజులు పట్టింది."

దేవకుమారి తల వంచుకుంది. టీచరుగారు ఆ కాగితం ఇటు జరిపి, ఇది వచ్చిందో లేదో చూడమన్నారు. నలభై ఒకటో పేజీ. బావి తవ్విన ఏడాది సంగతి. ఇద్దరూ చెరో కాగితం మీద వేలు పెట్టుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు సరిచూసుకుంటూ చివరిదాకా వెళ్ళారు. ఒక్క అక్షరం పోలేదు. నూనె మరక కింద చెరిగిపోయిన రెండు మాటలు కూడా కొత్త కాగితం మీద ఉన్నాయి.

"బజ్జీలు బాగున్నాయిలే," అన్నారు ఎలీసమ్మగారు కళ్ళజోడు తీస్తూ. "కాస్త కాఫీ పెట్టు."